గ్రహణం నాటి మాట
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడి పంతుల్ని. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. దేశం పరిస్థితి గురించి మాట్లాడమన్నారు. దానికంటే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి.

ఆరేళ్ల కిందట మా చిన్నమ్మాయి జ్వరంతో పోయింది. రెండో తరగతి చదివేది. జనాజా అయిన రాత్రే ఒకరు దిష్టి అన్నారు. మరొకరు తండ్రి చేసిన పాపమన్నారు. నేను జవాబు చెప్పలేదు. మస్జిదుకు వెళ్లి వరుసలో నిలబడేవాణ్ణి గాని, మనసు మాత్రం అల్లాతో తగాదా పడేది.

కొన్ని నెలల తర్వాత తరగతిలో గ్రహణం పాఠం చెబుతూ, అలవాటుగా ప్రవక్త (స) వారి సంగతి ఎత్తుకున్నాను. క్రీ.శ. 632లో మదీనాలో వారి కుమారుడు ఇబ్రాహీం రెండేళ్లయినా నిండకుండానే మరణించాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే సూర్యుడు చీకటిపడ్డాడని జనం అన్నారు. ఎవరి చావు వల్లా, పుట్టుక వల్లా గ్రహణం పట్టదనీ, అది అల్లా సూచన అనీ ఆయన చెప్పారు.

ఒక పిల్లవాడు లేచి, "సార్, ఆ రోజు ప్రవక్తగారు ఏడవలేదా?" అన్నాడు.

"ఏడ్చారు నాయనా" అన్నాను. ఆపైన నాకు మాట రాలేదు.

కన్నీరు విశ్వాసానికి విరోధం కాదనీ, దిష్టి, పాపం అన్న మాటలు నేను మోయనక్కరలేదనీ ఆనాడు తెలిసింది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత దువాకు చేతులెత్తాను.

ఇక దేశం సంగతి. తనను గొప్పచేసే అబద్ధాన్ని కూడా, బిడ్డ పోయిన రోజున కూడా, ఆయన సాగనివ్వలేదు. అబద్ధానికి ఎదురు చెప్పేవారు కరువైతే దేశం దిగజారుతుంది.

1975 జూన్ 25న మన దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. 1976 మార్చి 1న కేరళలో రాజన్ అనే ఇంజనీరింగ్ విద్యార్థిని పోలీసులు పట్టుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ హిందీ ప్రొఫెసర్. "నా కొడుకేడీ?" అని ఎక్కని గడప లేదు. అరెస్టయిన వారికి కోర్టు తలుపు తట్టే హక్కు లేదని ఆ ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐదుగురిలో కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977లో అత్యవసర పరిస్థితి తొలగగానే వారియర్ కేరళ హైకోర్టుకెక్కారు. రాజన్‌ను అసలు పట్టుకోలేదన్న సర్కారు మాటను కోర్టు నమ్మలేదు. అతడు కస్టడీలోనే చనిపోయాడని తర్వాత సర్కారే ఒప్పుకుంది. ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేశారు. కొడుకు శవం మాత్రం ఆ తండ్రికి దక్కనే లేదు.

అత్యవసర పరిస్థితిలో సైతం ప్రాణరక్షణ హక్కును ఆపరాదని 1978లో రాజ్యాంగాన్ని సవరించారు. 1976 నాటి తీర్పు తప్పని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. నిజానికి ఆలస్యమైంది గాని అది చావలేదు.

సోదరులారా, సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు. ఓటరు జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి. ఓటుకు నోటు పుచ్చుకోకండి. మనవాళ్లకు పనికొచ్చే పుకారైనా సరే, నిజం కాకుంటే ఇంకొకరికి చేరవేయకండి. పక్కింటి బిడ్డకు అన్యాయం జరిగితే, ఆ ఇంటి మతం అడగకుండా ఆ తండ్రి వెంట కచేరీకి నడవండి.

నిజం పలికే నాలుకనూ, దుఃఖం మోసే గుండెనూ అల్లా మనకు ప్రసాదించుగాక. ఆమీన్.