ఒక యక్షరము వెనుకనున్న ఊరు



ఇంజనీరుగా లోకప్రఖ్యాతి గాంచిన ఎం. విశ్వేశ్వరయ్యగారి పేరు వినని పెద్దలు మీలో నుండరు. కావేరీనదిపై కృష్ణరాజసాగర నిర్మాణమునకు వారు సూత్రధారులు. 1912 మొదలు 1918 వరకు మైసూరు సంస్థానమునకు దివానుగా నుండిరి. 1955లో భారతరత్న బిరుదము నందిరి. అట్టి మహనీయుని పనులను విడిచి, వారి పేరునకు ముందున్న "ఎం" అను నొక్క యక్షరమును గూర్చి నేడు నేను మాటాడబోవుచున్నాను. ఇది చిన్న విషయముగా తోపవచ్చును. కాని ఆ యక్షరము వెనుక నొక తెలుగు గ్రామము దాగియున్నది. మన యిండ్లలోను ఇట్టి యక్షరముల వెనుక గ్రామములు దాగియున్నవి. కొన్ని యిదివరకే మరుగున పడినవి. అందువలననే ఈ ప్రసంగము.

ఆ "ఎం" అనునది మోక్షగుండము. అది వారి యింటిపేరు. కన్నడదేశమున పేరునకు ముందుండు పొడి యక్షరములు తరచుగా సొంత యూరిని, తండ్రిపేరును తెలుపును. కావున నెరుగనివాడు ఆ "ఎం"ను ముద్దేనహళ్ళి యని చదువుకొన్నచో వానిని తప్పుపట్టరాదు. ఏలయన, విశ్వేశ్వరయ్యగారు జన్మించినది నందికొండల చేరువనున్న ముద్దేనహళ్ళి యందే. అయినను ఆ యక్షరము చూపునది వారు పుట్టిన యూరిని గాదు. అనేక తరములకు పూర్వము వారి పెద్దలు విడిచివచ్చిన యూరిని.

ఆ మోక్షగుండము ఎచ్చట నున్నది? నల్లమల కొండలకు తూర్పున, కంభమునకును గిద్దలూరునకును సమీపముననున్న బేస్తవారిపేట ప్రాంతమున నున్నది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు ఆ సీమ కర్నూలు జిల్లాలో చేరియుండెను. ఆ ఒంగోలు జిల్లాకే 1972లో ప్రకాశము జిల్లా యని పేరు మార్చిరి. ఇక పేరులోని యర్థము. గుండమనునది సంస్కృతములోని కుండశబ్దమునుండి వచ్చినది. నీటి మడుగునకును, కోనేటికిని, నిప్పుల గుంటకును గూడ మనవారు ఆ మాట వాడుదురు. సుడిగుండము, అగ్నిగుండము మనకు తెలిసిన మాటలే. వేములవాడలో రాజరాజేశ్వరుని సన్నిధినున్న కోనేరు ధర్మగుండము. గోదావరి యొడ్డున రామగుండము కలదు. ఆ వరుసలోనిదే మోక్షగుండము. మోక్షమిచ్చు తీర్థమని దాని యర్థము.

ఇపుడొక ప్రశ్న. మోక్షగుండమను నింటిపేరు గలవారిని చూడదలచినవాడు ఎచ్చటికి పోవలెను? మోక్షగుండమునకే పోవలెనని తటాలున తోచును. అచ్చటనే మనము పొరబడుదుము. పెద్దలారా, మీ గ్రామమును మనస్సున నుంచుకొని యొకమాటు యోచింపుడు. అద్దంకినుండి యొక వడ్రంగి మీ యూరికి వచ్చి కాపురముండెననుకొందము. నాలుగు నాళ్ళకు అతని యిల్లు మీ నోట "అద్దంకివారిల్లు" అగును. అతని మనుమల నాటికి ఆ మాట పన్నుల లెక్కలకును, శుభలేఖలకును ఎక్కును. అదే వడ్రంగి అద్దంకిలోనే యుండినచో నతనిని అద్దంకివాడని పిలుచువారెవరు? అచ్చట నందరును అద్దంకివారే గదా! ఊరంతటికి చెందిన పేరు ఒక యింటిని వేరుపరుపజాలదు. కావున ఊరినిబట్టి వచ్చిన యింటిపేరు సామాన్యముగా ఊరు విడిచిన తరువాతనే పుట్టును. దానిని పెట్టువారు స్వగ్రామస్థులు గారు, క్రొత్త యూరివారు.

మన ప్రముఖుల పేర్లను పరిశీలించినచో ఈ సంగతి తేటపడును. కందుకూరి వీరేశలింగముగారు 1848లో పుట్టినది కందుకూరున గాదు, రాజమహేంద్రవరమున. గురజాడ గ్రామము కృష్ణామండలమున నున్నది. గురజాడ అప్పారావుగారు 1862లో జన్మించినది విశాఖమండలమున, ఎలమంచిలి దగ్గరి రాయవరమున. సర్వేపల్లి నెల్లూరు మండలములోనిది. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో తిరుత్తణిలో జన్మించిరి. వీరందరి యింటిపేర్లును వారు పుట్టిన యూళ్ళను గాక, వారి పూర్వులు విడిచిన యూళ్ళనే చెప్పుచున్నవి.

మోక్షగుండంవారి విషయమును అట్టిదే. వారు ములకనాటి శాఖకు చెందిన తెలుగు కుటుంబమువారు. వెలనాడు, వేగినాడు, కాసలనాడు అనునవి యెట్లు ప్రాచీనసీమల పేర్లో, ములకనాడును అట్లే యొక సీమ పేరు. ఇంటిపేరు ఊరిని చెప్పును. శాఖ పేరు నాడును చెప్పును. ఈ రెండును కలిసిన, వలసవచ్చిన కుటుంబమునకు తాతముత్తాతల చిరునామా వ్రాసి చేతికిచ్చినట్లే యగును. ఆ కుటుంబము దక్షిణముగా, పడమరగా సాగి కన్నడసీమలో ముద్దేనహళ్ళి చేరెను. గ్రద్ద యెగిరినంత సూటిగా కొలిచినను ఈ రెండు గ్రామముల నడుమ 250 కిలోమీటర్లకు తక్కువ లేదు. ఎడ్లబండియు, కాలినడకయు తప్ప వేరు సాధనము లేని దినములలో అది స్వల్పమైన దూరము గాదు.

ఇట్లు కదలినది వారొక్కరే గారు. అదే కంభము సీమలో కాకర్ల యను మరియొక గ్రామము గలదు. నాదబ్రహ్మోపాసకులైన త్యాగరాజస్వామివారి యింటిపేరు కాకర్ల. వారును ములకనాటివారే. 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున నివసించి, 1847లో సిద్ధి నొందిరి. వారి పెద్దలు తంజావూరు సీమకు పోయిరి. మోక్షగుండంవారు మైసూరు సీమకు పోయిరి. ఒకే ప్రాంతమునుండి బయలుదేరిన రెండు కుటుంబములలో నొకటి సంగీతమునకు త్యాగయ్యను, మరియొకటి నీటిపారుదలకు విశ్వేశ్వరయ్యను ప్రసాదించినది.

ఎందులకీ వలసలు? 1565లో రాక్షసితంగడి యుద్ధమైన పిమ్మట విజయనగరపు కొలువు పెనుగొండకును, అటుపిమ్మట చంద్రగిరికిని, వేలూరునకును తరలెను. తంజావూరును, మధురను తెలుగు నాయకరాజులు ఏలిరి. ఎచ్చట రాజాశ్రయము గలదో, ఎచ్చట అగ్రహారములిత్తురో, ఎచ్చట చెరువు క్రింద పొలము దొరకునో అచ్చటికి పండితులును, కాపులును, పనివారును పోయిరి. క్షామములు కొందరిని తరిమినవి. కలతలు కొందరిని తరిమినవి. ఎవరెందుకు పోయినను, తలపై మూటతోపాటు ఊరిపేరును మోసికొనిపోయిరి.

ఇక ఈ పేరు అరుదగుటకు కారణము చెప్పెదను. కొత్తపల్లి యను పేరుతో మన దేశమున నూళ్ళు లెక్కకు మిక్కిలి. కావున కొత్తపల్లివారు వేలకొలదిగా నుందురు. వారిలో నెవరు ఏ కొత్తపల్లినుండి వచ్చిరో చెప్పుట బ్రహ్మకైనను కష్టము. మోక్షగుండమన్ననో, ఆ పేరు వినినంతనే చూపు నేరుగా కంభము సీమకు పోవును. చిన్న గ్రామము, దాని పేరు మోయుచు దూరదేశములకు పోయిన యిండ్లును కొలదియే. కావుననే ఆ యింటిపేరు మన తెలుగునాట నరుదు; ఒక మహాపురుషునివలన కన్నడసీమలో ప్రసిద్ధము. విరివిగానున్న పేరు పది దారులు చూపును. అరుదైన పేరు ఒక్క దారినే చూపును. తన యింటిపేరు ఎవరికిని లేదని చిన్నబుచ్చుకొను పిల్లవానికి ఈ మాట చెప్పుడు.

ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రమున వంశమొక్కటి కాదు. ఒకే యూరినుండి వేర్వేరు కులములవారు, వేర్వేరు గోత్రములవారు వేర్వేరు కాలములందు బయలుదేరి, పోయినచోట నొకే పేరు పొందియుండవచ్చును. అట్లే, ఒక తల్లి బిడ్డలైన యన్నదమ్ములలో నొకడు ఒక యూరినుండియు, రెండవవాడు మరియొక యూరినుండియు కదలినచో వారి సంతతికి రెండు పేర్లు రావచ్చును. కావున పేరు దారి చూపును గాని తీర్పు చెప్పదు. దానితోపాటు గోత్రమును, ఇలవేలుపును, పెద్దల వాడుకను గూడ విచారింపవలెను.

ఇక నా యింటి సంగతి యొకటి మనవి చేసికొందును. కొన్ని యేండ్ల క్రిందట మా యింట జరిగిన వివాహమునకు దక్షిణదేశమునుండి యొక వృద్ధుడు వచ్చెను. మా తాతగారి తరమున విడిపోయిన శాఖవారమని యాయన తలంపు. మాటలో తెలుగు చెడలేదు, గోత్రమును సరిపోయెను. పేరడిగితిమి. పేరునకు ముందొక యక్షరము చెప్పెను. ఆ యక్షరమునకు అర్థమేమని మా పెద్దనాయనగారు ప్రశ్నించిరి. ఆయన కొంత తడవు మౌనముగా నుండి, "అది మా నాయనమ్మకు తెలియునండీ. బడిలో వేయునపుడు ఒక్క యక్షరము చాలుననిరి. ఆమె యున్నంతకాలము నేనడుగలేదు" అని తల వంచుకొనెను. మా పెద్దనాయనగారు ఆయన చేయి పట్టుకొని తన సరసన కూర్చుండబెట్టుకొనిరి. ఆదరమునకు లోపము రాలేదు. కాని ఆయన మావాడు అగునో కాదో నేటికిని మేమెరుగము. మూడుతరములవారు భద్రముగా మోసికొనివచ్చిన ఊరు, దరఖాస్తు కాగితముపై గడి చాలక, ఒక్క యక్షరమై, ఆ ముసలమ్మతో కాటికి పోయినది.

విశ్వేశ్వరయ్యగారి విషయమున నట్లు జరుగలేదు. పెద్దవారగుటచేత వారి పేరులోని యక్షరమును లోకము విప్పి చదివినది. సామాన్యుని యక్షరమును విప్పువారెవరు?

మోక్షగుండము పేరు మరల తెలుగునేలకు వచ్చిన ముచ్చట చెప్పి ముగించెదను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. ఇండ్లు కూలినవి, వేలకొలది ప్రజలు నశించిరి. మరుసటి యేట నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని రావించి, మరల నట్టి విపత్తు రాకుండ నుపాయము చెప్పుమని కోరెను. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని వారు సూచించిరి. ఆ సూచనను బట్టియే మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరును, ఈసా నదిపై 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. తెలుగునేల విడిచిన యొక కుటుంబపు బిడ్డ, ఎన్నో తరములకు పిమ్మట, తెలుగునేలపై నీటికి కట్ట వేయుటకు వచ్చెను. పేరులో నూరు నిలిచియున్నందువలననే గదా, ఆయన మనవాడేనని మనము చెప్పుకొనగలుగుచున్నాము!

పెద్దలారా, మీ బిడ్డలును నేడు బెంగుళూరికి, బొంబాయికి, అమెరికాకు పోవుచున్నారు. అచ్చటి కాగితములలో మన యింటిపేరు పేరునకు ముందునుండి వెనుకకు పోవుచున్నది. లేదా యొక్క యక్షరమై మిగులుచున్నది. దానిని మనమాపలేము. కాని మీరు చేయదగిన పని యొకటి గలదు. ఈ పండుగకు మనుమలు వచ్చినపుడు ఒక పుస్తకము తీసి, మీ యింటిపేరును పూర్తిగా వ్రాయుడు. ఆ పేరు గల యూరు ఎచ్చట నున్నదో, ఏ నదియొడ్డున, ఏ పట్టణమునకు దగ్గరనో మీరెరిగినంత వ్రాయుడు. గోత్రమును, ఇలవేలుపును వ్రాయుడు. కోడండ్ర పుట్టింటి పేర్లను మరువకుడు, అవియు ఊళ్ళే. మీకు తెలియనిచో మీకంటె పెద్దవారిని నేడే యడుగుడు. రేపటికి వాయిదా వేయకుడు.

మా వివాహమునకు వచ్చిన యా వృద్ధుని యింట నొక్క కాగితమున నొక్క పంక్తి వ్రాసియుండినచో, ఆయన ఆనాడు తల వంచుకొనవలసిన పని లేకుండెను.