ఉరుముల రాకను ముందుగా తెలియుట



సిద్దిపేట ప్రాంతమున యాసంగి వరి కోతకు వచ్చు చైత్ర వైశాఖములే పిడుగులకును వడగండ్లకును కాలము. 2023 ఏప్రిల్ నెలలో కురిసిన రాళ్లవాన ఈ జిల్లాలో పండిన వరిగింజను నేల రాల్చినది. మృగశిర కార్తె వాన కెదురుచూచు రైతే ఈ వానకు వెరచును. అమెరికా మైదానములను ఊడ్చు టోర్నడోలు ఇచట అరుదు. పిడుగే ఇచటి యముడు.

ఎండకు నేల కాగి, దాని నంటిన గాలి తేలికయై పైకి లేచును. బంగాళాఖాతపు తేమ అందు చేరినచో మేఘము 12 కిలోమీటర్లకు మించి ఎదుగును. ఆ మేఘములో గడ్డకట్టిన నీరే వడగల్లు.

తుపాను రాకను భారత వాతావరణ శాఖ కొన్ని దినములు ముందే చెప్పగలదు. ఉరుముల మేఘమో, గంట రెండు గంటలలో పుట్టి గిట్టును. కావున జిల్లాలో అక్కడక్కడ అనుటయే గాని, ఫలానా చెలకపై పడునని ముందునాడే చెప్పుట ఎవరి తరమును కాదు. హైదరాబాదులోని డాప్లర్ రాడార్ చినుకులను తాకి మరలివచ్చు తరంగములను పట్టి, మేఘగమనమును చూపును. దానినిబట్టి రాబోవు 3 గంటలకు హెచ్చరిక వెలువడును. సమీపమున పడు పిడుగులను దామిని యను మొబైల్ యాప్ తెలుపును.

ఫోను లేని గొర్లకాపరికి చెవియే సాధనము. మెరుపునకును ఉరుమునకును నడుమ 3 సెకన్లైనచో పిడుగు కిలోమీటరు దూరమున పడినట్లు. అప్పుడు చెట్టు క్రిందికి పరుగెత్తుట పాత అలవాటు. ప్రాణము తీయునదియు అదియే. పక్కా ఇల్లు చేరి, చివరి ఉరుము వినిన పిదప అరగంట ఆగవలెను.

కల్లములోని వడ్లపై టార్పాలిన్ కప్పుటకు 3 గంటలు చాలును. ఆ హెచ్చరిక పొలముననున్న వానికి వేళకు చేరుటయే ఇంకను కష్టముగా నున్నది.