ఆమె జబ్బు సంగతి ముందు ఆమెకే చెప్పాలి
(స్త్రీల ఆరోగ్య హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఒక కాన్సర్ ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని. "మీ పని ధైర్యం చెప్పడమేగా?" అంటారు చాలామంది. కాదు. ఒక అనుభవం చెబుతాను.

నల్గొండ జిల్లా నుంచి ఒక కూలీ స్త్రీ గర్భాశయ ముఖద్వార కాన్సర్‌తో వచ్చింది. భర్త ఒక్కడే డాక్టరు గదిలోకి వెళ్లి, "దానికి చెప్పకుండ్రి సార్, తట్టుకోదు" అన్నాడు. డాక్టరు సరేనన్నారు. నేనూ నోరెత్తలేదు. లోపల పుండుందని, కరెంటు పెడితే మానుతుందని ఆమెకు చెప్పాం. రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు పెట్టాలి. రెండు వారాలకే రక్తస్రావం ఆగింది. పుండు మానిందనుకుని ఆమె పత్తి ఏరడానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి జబ్బు ముదిరింది. "ముందే చెప్పుంటే మధ్యల పోదునా, మేడం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి నేను మొదట రోగితోనే, విడిగా మాట్లాడుతున్నాను. ఏం తెలుసు, ఎంత తెలుసుకోవాలనుకుంటోంది అని అడుగుతాను. ఆ మేరకు డాక్టరు చేతనే చెప్పిస్తాను. తరువాత ఇంటివాళ్లను కూర్చోబెడతాను. అన్నం పంచుకుంటే కాన్సర్ అంటదు, కంచం వేరు చేయనక్కర లేదు. ఈ కాన్సర్‌కు ముఖ్య కారణం హెచ్.పి.వి. అనే వైరస్. అది లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. భర్తను తప్ప మరొకరిని ఎరగని స్త్రీకీ రావచ్చు. కనుక ఆమె శీలాన్ని తూచే హక్కు ఎవరికీ లేదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు చికిత్స ఖర్చు తగ్గింది. కానీ ఐదు వారాలు తలదాచుకునే చోటు, తోడు మనిషి, ఇంటి దగ్గర పిల్లలకు కూడు? చికిత్స ఆగేది అక్కడే. ధర్మసత్రంలో చోటు వెతకడం, కాగితాలు రాయించడం మా పనే. చికిత్సకు వెళ్లే కాన్సర్ రోగికి రైలు స్లీపర్‌లో పూర్తి రాయితీ, తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ ఉన్నాయని ఎందరికి తెలుసు?

మగవాడికి జబ్బు చేస్తే భార్య ఆసుపత్రి వరండాలో పడుకుంటుంది. ఆమెకు జబ్బు చేస్తే ఎక్కువసార్లు నేను చూసేది తల్లిని, లేదా బడి మానేసిన కూతురిని.

మీ సంఘాలను నేను అడిగేది ఒక్కటే. చికిత్సకు వెళ్లిన స్త్రీ ఊళ్లో కనబడితే "నయమైందా?" అని ఊరుకోకండి. "ఇంకెన్ని రోజులు మిగిలాయి? ఎందుకొచ్చావు?" అని అడగండి. ఆ కారణం తొలగించి, మళ్లీ బస్సెక్కించండి. జాలి వద్దు. ఆమె హక్కు ఆమెకు దక్కాలి.