చేతులు మారిన పాటలు

(జంషెడ్‌పూరులో మన సమాజ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సంగీతమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను గాయకుడను కాననియు, స్వరజ్ఞానము లేనివాడననియు మనవి చేసికొంటిని. “మీరు పాత పాటలు పోగుచేయుదురు కదా, ఆ మాటయే చెప్పండి” అని వారు సెలవిచ్చిరి. పాడలేనివాడు పాటకు చేయదగిన సేవ యొకటి కలదు. దానిని భద్రపరచి, అడిగినవారికి అందించుటయే ఆ సేవ. నేటి నా ప్రసంగము ఆ సేవను గూర్చియు, అందు నేను చేసిన యొక తప్పును గూర్చియు.

ముందుగా మన యూరి ప్రాంతమునకును గ్రామఫోను రికార్డునకును గల చుట్టరికమును చెప్పెదను. నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి ఆ పాత నల్లని రికార్డులకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు విడిచెడి ఆ జిగురునకు ఛోటానాగపూరు అడవులు పేరెన్నిక గన్నవి. రాంచీ చెంత నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధనాలయము వెలసినది. మదరాసులో పాడిన తెలుగు పాట కలకత్తా శివారున డమ్‌డమ్ కర్మాగారములో లక్కపై అచ్చుపడి, తెలుగునాటికి పోయి, పొట్టకూటికై రైలెక్కిన శ్రీకాకుళ విశాఖ మండలవాసుల ట్రంకుపెట్టెలలో మరల ఈ లక్క పండెడి నేలకే చేరినది. 1907లో ఉక్కు కంపెనీ స్థాపితమై, 1919లో సాక్చీకి జంషెడ్‌పూరను పేరు వచ్చిన పిమ్మట, ఈ యూరికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు తమతో తెచ్చుకొన్న సొత్తులో అదియు నొకటి.

ఆ రికార్డు ఒక ప్రక్క పలుకునది ఇంచుమించు మూడు నిమిషములే. రంగస్థలముపై ఒక్క పద్యమును రాగాలాపనతో ఎంతసేపైనను సాగదీయగల నటులు, రికార్డు కొరకు ఆ మూడు నిమిషములలోనే తమ విద్యనంతయు ఇమిడ్చిరి. కపిలవాయి రామనాథశాస్త్రిగారి నాటక పద్యములు, టంగుటూరి సూర్యకుమారి, రావు బాలసరస్వతీదేవిగార్ల గీతములు, కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ను ఘంటసాలగారు పాడిన రికార్డు మొదలగునవి అనేకుల ఇండ్ల నుండెడివి. వానికి భయము లేదు. ఒకటి రెండు రికార్డులిచ్చి మరుగైపోయిన గాయనీగాయకుల గతి యేమి? వారి కంఠము మిగిలియున్నచో ఎవరి అటకపైననో, ఎవరి మంచము క్రిందనో మిగిలియుండవలెను.

ఈ వెదకులాట మనకే ప్రత్యేకము కాదు. ఇంగ్లండులో 1970 దశాబ్ది తొలినాళ్ల ‘గ్లామ్ రాక్’ అను ఫణితి ప్రబలెను. తళుకు దుస్తులు, ముఖమున రంగులు, ఎత్తు మడమల జోళ్లు! మన సురభి నాటకములు చూచినవారికి ఇవి వింత గొలుపవు. మార్క్ బోలన్, డేవిడ్ బౌయీ జగత్ప్రసిద్ధులైరి. వారి వెనుక, ఒక రికార్డుతోనే కనుమరుగైన బృందములు పెక్కులు కలవు. దశాబ్దముల పిమ్మట అభిమానులు పాతసామానుల అంగళ్లలో ఆ రికార్డులను గాలించి, తమకు నచ్చినవి వరుసకట్టి ఒకరికొకరు పంచుకొనిరి. 2003లో అట్టి 20 పాటలు ‘వెల్వెట్ టిన్‌మైన్’ అను సంపుటముగా వెలువడినవి. అంగడిలో ఓడిన పాట అభిమానుల చేతులలో గెలిచినది.

మన తెలుగువారిలో వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలది రికార్డులు సేకరించి లిమ్కా రికార్డుల గ్రంథమున కెక్కిరి. వారి ఘనత పోగుచేయుట యందే లేదు. ఏ పాటను ఎవరు వ్రాసిరి, ఎవరు పాడిరి అని పట్టిపట్టి చెప్పుటయందున్నది. నా తప్పు సరిగా అచటనే జరిగినది.

1963లో ఫిలిప్స్ కంపెనీవారు లోకమునకిచ్చిన కాసెట్టు మా ఇంటికి 1983లో వచ్చినది. కదమాలో పితృతుల్యులైన యొక పెద్దలు తమ రికార్డులను నాకు ఎరువిచ్చిరి. “పడితే పెంకే బాబూ, మరి అతకదు” అని మాత్రము హెచ్చరించిరి. నేను పగులగొట్టలేదు. 60 నిమిషముల కాసెట్టున 18 పాటలు నాకు నచ్చిన వరుసలో ఎక్కించితిని. ఐదుగురు మిత్రులకు నకళ్లు తీసి యిచ్చితిని. విజయనగరపు మిత్రుడొకరు బదులుగా హరికథ పంపిరి. కాసెట్టు అట్టపై నేను వ్రాసినది మూడే మాటలు: ‘పాత పాటలు, మంచివి’.

ఆ పెద్దలు ఉద్యోగవిరమణానంతరము స్వగ్రామమునకు తరలునప్పుడు రికార్డులు తూకమునకు పోయినవి. సంగతి తెలిసి నేను జుగ్‌సలాయి బజారుకు పరుగెత్తునప్పటికి మూడు దొరకినవి. అందు రెండు బీటలు వారినవి. ఆ మూడింటి చీటీలను చూచియు, కాకినాడ, విజయవాడ మిత్రులకు నకళ్లు పంపి ఉత్తరములు నడిపియు, ఏండ్ల తరబడి శ్రమించి 17 పాటలకు పేర్లు కూర్చితిని. ఒక్కటి మిగిలినది. అది ఒక స్త్రీ పాడిన పద్యము. నలువది యేండ్లుగా ఆమె మా యింట పాడుచునే యున్నది. ఆమె పేరు నాకు తెలియదు. చీటీపై ఆ పేరు ఉన్ననాడు వ్రాసికొనుటకు నాకు పట్టెడిది అర నిమిషము.

నేడు పాట ఒక్క క్షణమున చేతి ఫోను నుండి చేతి ఫోనుకు పోవుచున్నది. పేరు అంతకంటె వేగముగా రాలిపోవుచున్నది. కనుక నా విన్నపము వినుడు. ఇంట పాత రికార్డులున్నచో పరుండబెట్టి దొంతులు పేర్చక, ఎండ తగులని చోట నిలువుగా నుంచుడు. స్పిరిటుతో తుడువకుడు, అది లక్కను కరగించును. తడిగుడ్డతో మెల్లగా తుడిచి ఆరనిండు. లాంగ్‌ప్లే రికార్డుల సన్నని సూది వీనికి పనికిరాదు, గాడి వెడల్పునకు తగిన లావు సూది వేయవలెను. చీటీ చిరిగిపోయినను నిరాశ వలదు. నడుమ నున్నని భాగమున చెక్కిన సంఖ్య యుండును, దానినిబట్టి తెలిసినవారు పోల్చగలరు. మన దేశ చట్టము ప్రకారము ధ్వనిముద్రణపై హక్కు 60 సంవత్సరములు. సాహిత్యముపై హక్కు వేరు, అదియు గమనింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, నకలు ఇచ్చునప్పుడు పాడినవారి పేరు, వ్రాసినవారి పేరు, రికార్డు సంఖ్య, అది ఎవరి యింటిదో ఆ వివరము తప్పక జతచేయుడు.

కార్యదర్శిగారి అనుమతితో ఆ పేరులేని పద్యమును ఇప్పుడు వినిపించెదను. మూడు నిమిషములు ఓపిక పట్టుడు. ముందు వరుసలోని పెద్దలు, ముఖ్యముగా అమ్మలు, చెవియొగ్గి వినవలెనని ప్రార్థన. ఆ కంఠమును ఎవరైన ఆనవాలు పట్టినచో పద్యము ముగియువరకు ఆగనక్కరలేదు. దయచేసి చేయి యెత్తుడు.