మహా పలాయనము: చిత్రమును, దాని వెనుకటి లెక్కయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



లక్కయింటి కథ వినని వారు ఈ సభలో నుండరు. విదురుడు పంపిన ఖనకుడు రహస్యముగా బిలము త్రవ్వెను. ఇల్లంటుకొన్న రాత్రి పాండవులు తల్లితో గూడ ఆ మార్గమున వెడలి ప్రాణములు దక్కించుకొనిరి. అది విని శ్రోతలందరును తృప్తిగా నిట్టూర్చెదరు. కాని ఆ రాత్రి ఆ యింట నిదురించిన నిషాద స్త్రీ యొకతెయు, ఆమె కుమారు లైదుగురును బూడిదయైరి. వారి నెవరును తలపరు. తప్పించుకొన్న వారి కథ చెప్పునపుడు, తప్పించుకొనలేని వారి లెక్క యెవరు వ్రాయవలెను? 1963లో వెలువడిన ఆంగ్ల చలనచిత్రము 'ది గ్రేట్ ఎస్కేప్', అనగా 'మహా పలాయనము', ఈ ప్రశ్నకు ఎదురుగా నిలిచిన చిత్రము.

ముందుగా జరిగిన సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనులు తమకు పట్టుబడిన వైమానికుల కొరకు సాగన్ పట్టణము చెంత 'స్టాలాగ్ లుఫ్ట్ 3' అను బందీ శిబిరమును నడపిరి. ఆ ప్రదేశము నేడు పోలండు దేశములో నున్నది. 1943లో రోజర్ బుషెల్ అను బ్రిటిషు వైమానికాధికారి నాయకత్వమున అచట మూడు సొరంగములు ఏకకాలమున ఆరంభింపబడెను. వానికి టామ్, డిక్, హారీ యని పేర్లిడిరి. ఒకటి బయటపడినను తక్కినవి మిగులునని వారి యూహ. టామ్ పట్టుబడెను. డిక్ మట్టి దాచుటకు పనికివచ్చెను. హారీ మాత్రము పూర్తియయ్యెను. దాని లోతు సుమారు 30 అడుగులు. నిడివి 330 అడుగులకు పైబడినది.

ఆ పనిలో 600 మందికి పైగా బందీలు పాల్గొనిరి. ఇసుక నేల కూలకుండుటకు మంచముల అడుగు చెక్కలు సుమారు 4,000 సొరంగములోనికి పోయెను. పాలపొడి డబ్బాలను ఒకదాని కొకటి గూర్చి గాలిగొట్టము చేసిరి. త్రవ్విన ఇసుకను లాగుల లోపల వ్రేలాడు సంచులలో మోసికొనిపోయి తోటలలో కాలితో కలిపివేసిరి. కొందరు దర్జీలై సైనికుల దుస్తులను పౌరుల దుస్తులుగా మార్చిరి. కొందరు లేఖకులై దొంగ అనుమతి పత్రములు వ్రాసిరి. ఊరిలో ఎన్ని వృత్తులు గలవో అన్నియు ఆ ముళ్లకంచె లోపల వెలసెను.

ఆ శిబిరమున బందీగా నున్న పాల్ బ్రిక్‌హిల్ అను ఆస్ట్రేలియా పత్రికా రచయిత 1950లో ఈ వృత్తాంతమును గ్రంథముగా వెలువరించెను. ఇరుకుచోట్ల భయమను బాధ గలవాడగుటచే ఆయన సొరంగమున వెడలలేదు; అందుచేతనే కథ చెప్పుటకు మిగిలెనని చెప్పవచ్చును. దర్శకుడు జాన్ స్టర్జెస్ ఈ గ్రంథమును చిత్రముగా తీయవలెనని పలు సంవత్సరములు వేచియుండెను. 1960లో ఆయన తీసిన 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' విజయము పొందిన పిమ్మట ఆ కోరిక నెరవేరెను.

ఈ చిత్రనిర్మాణమున మెచ్చదగిన విశేష మొకటి కలదు. చెర యెరిగినవారే చెరను చిత్రించిరి. చిత్రకథ వ్రాసిన ఇరువురిలో జేమ్స్ క్లావెల్ సింగపూరు నందలి చాంగీలో జపానువారి బందీ. దొంగపత్రములు వ్రాయువాని పాత్ర ధరించిన డోనాల్డ్ ప్లెజెన్స్ 1944లో విమానము కూలి జర్మనులకు చిక్కినవాడు. సాంకేతిక సలహాదారుగా వచ్చిన వాలీ ఫ్లడీ, కెనడా దేశీయుడు, సాగనులో సొరంగములు త్రవ్వించిన నిజమైన ఖనకుడే. త్రవ్వకపువాని పాత్రను ధరించిన చార్లెస్ బ్రాన్సన్ యౌవనమున బొగ్గుగనిలో పని చేసెను. నాయకుని పాత్ర రిచర్డ్ అటెన్‌బరోది. 1982లో 'గాంధీ' చిత్రమునకు దర్శకత్వము వహించినది ఆయనయే.

చిత్రము పశ్చిమ జర్మనీలోని బవేరియాలో తీయబడెను. మ్యూనికు సమీపమున గైసెల్‌గాస్టైగ్ స్టూడియో ప్రక్కన అడవిని ఆనుకొని కంచెలతో, కావలి గోపురములతో శిబిరమును కట్టిరి. సొరంగములను స్టూడియో లోపల నిర్మించి, కెమెరాకు దారిగా ఒక ప్రక్క తెరచి యుంచిరి.

ప్రేక్షకులు మరువలేనిది స్టీవ్ మెక్వీన్ మోటారుసైకిలు దృశ్యము. బండి బ్రిటనులో చేయబడిన ట్రయంఫ్. జర్మను బండివలె వేషము వేసిరి. మెక్వీన్ చాలవరకు తానే నడపెను. కంచెపై దుమికిన దుముకు మాత్రము బడ్ ఎకిన్స్ అను అతనిది. తరుము జర్మను సైనికుల వేషమున సయితము కొన్నిచోట్ల మెక్వీనే బండి నడపెను. తన్ను తానే తరుముకొనుట చలనచిత్రమున మాత్రమే సాధ్యము!

ఇక తప్పొప్పుల పట్టిక. మోటారుసైకిలు పలాయనము చరిత్రలో లేదు. అమెరికా బందీలు సొరంగముల పనిలో తోడ్పడిన మాట నిజమే. కాని పలాయనమునకు కొన్ని నెలల ముందే వారు వేరొక ఆవరణమునకు మార్చబడిరి. చిత్రమున ఆకాశము నిర్మలముగా నుండును. ఆ నిజమైన రాత్రి నేల మంచుతో కప్పబడియుండెను. చిత్రమున బందీలను ఒకేచోట కాల్చివేసినట్లున్నది; వాస్తవమున ఒంటరిగాను, చిన్న గుంపులుగాను పలుచోట్ల చంపిరి. ఇవి ప్రేక్షకుని కొరకు చేసిన మార్పులు. ఒక్క వీరుని ఎత్తి చూపుటలో ఆరువందల మంది పని కొంత మరుగుపడినదనుట న్యాయమే.

కాని స్టర్జెస్ ఒక అంకెను మార్చలేదు. 1944 మార్చి 24వ తేది రాత్రి తెల్లవారులోపల 200 మందిని పంపదలచిరి. సొరంగము అడవి దాక చేరక ముందే తేలెను. 76 మంది వెడలిరి. 73 మంది తిరిగి పట్టుబడిరి. ముగ్గురే గమ్యము చేరిరి. ఇరువురు నార్వేవారు, ఒకడు డచ్చివాడు. పట్టుబడిన వారిలో 50 మందిని హిట్లరు ఆజ్ఞచే గెస్టాపో పోలీసులు కాల్చి చంపిరి. బుషెల్ వారిలో నొకడు. ఫ్లడీ పలాయనమునకు ముందే వేరొక శిబిరమునకు మార్చబడుటచే బ్రతికెను. పలు సంవత్సరములకు తన సొరంగమును మరల కట్టించుచు నిలిచినపుడు ఆయన మనసున నేమి మెదలెనో ఊహించుకొనవలసినదే.

ఎన్నో హాస్యములు, సాహసములు చూపిన ఆ చిత్రము తుదకు ఆ యాబది మందికి అంకితమని తెరపై వ్రాసి ముగియును. సంగీతము ఎంత ఉల్లాసముగా నున్నను ఆ వాక్యము చదివినవాడు మౌనముగా లేచును. లక్కయింటి బూడిదలో మరువబడిన ఆరుగురివలె వీరిని మరువనీయలేదు. ఆ చిత్రము తీర్చుకొన్న ఋణ మిదియే.

ఆ ఋణమును మొదట పద్దు వ్రాసినది ఒక పుస్తకము. బ్రిక్‌హిల్ వ్రాసియుండనిచో స్టర్జెస్ తీయుట కేమియు లేదు. చిత్రము మూడు గంటలలో ముగియును. మార్చినదేదో, మిగిల్చినదేదో తెలియవలెనన్న మరల పుస్తకము తెరువవలసినదే. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపులు తెరచియుంచినవారు చేసినది ఈ పనియే. కథను చూచి ఆనందింపుడు. లెక్కను చదివి తెలిసికొనుడు. తప్పించుకొన్న వారి పేర్లతోపాటు తప్పించుకొనలేని వారి పేర్లును చదువుడు.

స్వస్తి.