సివిల్ జీవితంలో మన కాండక్ట్ షీట్



నేను ఇంటర్మీడియట్ చదివి సైన్యంలో చేరినవాణ్ణి. బ్యాంకు వ్యవహారాల్లో పండితుణ్ణి కాను. నాకు తగిలిన దెబ్బ మీలో ఎవరికీ తగలకూడదని ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నా కాండక్ట్ షీట్ మీద ఒక్క రెడ్ ఇంక్ ఎంట్రీ లేదు. 2018లో సుబేదారుగా రిటైరై, విజయనగరంలో ఇల్లు మొదలుపెట్టాను. మరుసటి ఏడాది లోను కోసం బ్యాంకుకు వెళ్తే మేనేజరు గారు కుర్చీ వేయించి, టీ తెప్పించారు. తర్వాత కంప్యూటరు చూసి, "సుబేదారు గారూ, పెన్షను బాగుంది, స్థలం కాగితాలూ బాగున్నాయి. స్కోరు మాత్రం 590 ఉందండి. లోను కష్టం" అన్నారు.

సంగతేమిటంటే, 2012లో ఒక ఏజెంటు యూనిట్‌కు వచ్చి మా అందరిచేతా క్రెడిట్ కార్డు ఫారాలు నింపించాడు. ఆ కార్డు మీద ఫ్రిజ్ కొన్నాను. కొంత కట్టాను. ఇంతలో పోస్టింగ్ వచ్చి ఫీల్డ్ ఏరియాకు వెళ్ళిపోయాను. చిరునామా మార్పించలేదు. నాలుగు వేల బాకీ వడ్డీ, జరిమానాలతో పద్దెనిమిది వేలైంది. వసూలు వాళ్ళు ఫోన్ చేసి, "తొమ్మిది వేలు కట్టండి, సెటిల్ చేస్తాం" అంటే కట్టేసి, పీడ వదిలిందనుకున్నాను. రికార్డులో మాత్రం 'సెటిల్డ్' అని పడింది. అంటే పూర్తిగా కట్టలేదని అర్థం.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఎవరి దగ్గరా చేబదులైనా తీసుకోనివారు కదా, మనకి అప్పు పుట్టకపోవడమేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. పునాదులు లేచిన ఇల్లు ఏడాదిన్నర అలాగే నిలిచిపోయింది.

ఈ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 2005 నాటి చట్టం కింద సిబిల్‌తో సహా నాలుగు కంపెనీలు మన అప్పుల లెక్క రాస్తున్నాయి. సాధారణంగా 750 దాటితే మంచి స్కోరంటారు. అందులో మన జీతం ఉండదు, డిపాజిట్లుండవు, మెడల్సుండవు. తీసుకున్న అప్పు గడువుకు కట్టామా లేదా అన్నదే ముఖ్యం.

లోను వచ్చినా వడ్డీలో తేడా ఉంటుంది. ముప్పై లక్షలు ఇరవై ఏళ్ళకు తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతానికి, తొమ్మిదిన్నర శాతానికి నెల వాయిదాలో సుమారు 1,930 రూపాయల తేడా వస్తుంది. మొత్తం మీద నాలుగు లక్షల అరవై వేలు పైమాటే! పిల్లల చదువుల లోనుకు తల్లిదండ్రుల స్కోరు కూడా చూస్తారు.

నేను మిగిలిన బాకీ కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రికార్డులో 'క్లోజ్డ్' అని మార్పించాను. డిపాజిట్ మీద చిన్న కార్డు తీసుకుని, నెలనెలా తేదీ దాటకుండా పూర్తిగా కట్టాను. 2021లో లోను వచ్చింది. గృహప్రవేశం చేశాం.

తమ్ముళ్ళకు నా మనవి ఇది. పోస్టింగ్ ఆర్డరు చేతికి రాగానే బ్యాంకులో చిరునామా, ఫోన్ నంబరు సరిచూసుకోండి. వాయిదాలు ఖాతాలోంచి వాటంతటవే పోయేలా రాసివ్వండి. కార్డుకు మినిమం కట్టి ఊరుకుంటే వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో లోనుకు దరఖాస్తు పెట్టకండి. తోటి జవాను అడిగాడని జామీను సంతకం పెట్టేముందు ఆలోచించండి. అతను ఎగ్గొడితే మచ్చ మీ రికార్డుకూ పడుతుంది.

2017 నుంచి ప్రతి కంపెనీ ఏడాదికొకసారి ఉచితంగా రిపోర్టు ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పుంటే ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది.

సర్వీసులో మన కాండక్ట్ షీట్ కంపెనీ ఆఫీసులో భద్రంగా ఉండేది. బయటికొచ్చాక ఈ షీట్‌ను మనమే చూసుకోవాలి. ఇంటికి వెళ్ళగానే ఒకసారి మీ రిపోర్టు తీసి చూడండి.

సెలవు. జై హింద్.