రెడ్యూస్ అంటే తగ్గించడమేనా?

మా ఇంగ్లీషు మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఏ మహాకవినో పట్టుకొస్తానని నిర్వాహకులు అనుకొని ఉంటారు. నేను తెచ్చింది ఒక్క క్రియాపదం: రెడ్యూస్. ఆయన ఏ మాటకూ ఒంటి అర్థం రాసుకోనిచ్చేవారు కాదు, దాన్ని వాక్యంలో పెట్టి చూపించమనేవారు. ఆ పట్టుదల ఎందుకో తెలియాలంటే ఇంతకు మించిన మాట దొరకదు.

గైడ్లలో దీని పక్కన 'తగ్గించు' అని ఉంటుంది. ధర, వేగం, ఖర్చు, ఉప్పు, దేనికైనా అతుకుతుంది. అయితే షేక్స్‌పియర్ 'మూడో రిచర్డ్' నాటకం చివరికొచ్చేసరికి ఆ అర్థం అడ్డం తిరుగుతుంది. యుద్ధం గెలిచిన రిచ్మండ్ దేవుణ్ణి వేడుకుంటాడు: నెత్తుటి రోజుల్ని మళ్లీ తేవాలని చూసే ద్రోహుల కత్తి మొద్దుబారాలని. 'మళ్లీ తేవడం' అన్న చోట ఉన్న క్రియ రెడ్యూసే. తగ్గించడం అని చదివామా, ద్రోహులు కాస్తా రక్తపాతం ఆపే పుణ్యాత్ములైపోతారు! లాటిన్‌లో 'రె' అంటే వెనక్కి, 'డూకెరె' అంటే నడిపించడం. 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువు కూడా మొదటి అర్థంగా వెనక్కి తేవడాన్నే ఇచ్చింది.

ఆ పాత అర్థం పోయిందనుకోకండి. ఎముకల వార్డులో నిక్షేపంగా ఉంది. చెయ్యి విరిగినవాడి కేసు షీటులో 'క్లోజ్డ్ రిడక్షన్' అని రాస్తే, కోత లేకుండా ఎముకను మళ్లీ దాని చోటికి తెచ్చారని. చెయ్యి పొట్టి చేశారని కాదు. పుత్తూరు కట్టు కట్టేవాళ్లు చేత్తో తడిమి ఎముకను సర్దేది కూడా ఈ పనే, పేరే వేరు.

రసాయనశాస్త్రంలో కథ ఇంకా రసవత్తరం. ఖనిజం నుంచి లోహాన్ని రాబట్టడాన్ని రిడక్షన్ అన్నారు. లోహాన్ని దాని అసలు రూపానికి తేవడమన్న భావమూ అందులో ఉంది, బరువు తగ్గడమూ ఉంది. 160 గ్రాముల ఐరన్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ అంతా పోతే మిగిలే ఇనుము 112 గ్రాములు. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల్లో జరిగేది ఇదే. మన పాఠ్యపుస్తకాలు దీన్ని 'క్షయకరణం' అన్నాయి. తర్వాతి తరగతిలో ఎలక్ట్రాన్లను పొందడమే క్షయకరణమని చెప్పేసరికి పిల్లలు తెల్లమొహం వేస్తారు. చేరుతుంటే క్షయమేమిటి? ఎలక్ట్రాన్‌ది రుణావేశం కనుక అది చేరితే ఆక్సీకరణ సంఖ్య తగ్గుతుంది, సమర్థించుకోవచ్చు. కానీ ఆ పేరు పెట్టినవారు ఈ క్రియకున్న ఒక ముఖమే చూశారని నా ఫిర్యాదు.

లెక్కల్లో 12/18ని 2/3కి రెడ్యూస్ చేస్తే విలువ రవ్వంత కూడా తగ్గదు. అంకెలు చిన్నవవుతాయి, అంతే.

'టు' చేరినప్పుడు ఈ క్రియ ఎంత పోయిందో చెప్పదు, ఎక్కడికి చేరిందో చెబుతుంది. ఇల్లు బూడిదవడానికి, మనిషి కంటతడి పెట్టడానికి, ఉన్నవాడు అడుక్కునే గతికి రావడానికి ఇంగ్లీషువాళ్లు దీన్నే వాడతారు. అక్కడ 'తగ్గించబడ్డాడు' అని రాసే అనువాదకుడికి మాస్టారైతే బెంచీ ఎక్కే శిక్ష వేసేవారు.

'బై', 'టు' తేడా మాత్రం డబ్బుతో పని. 500 రూపాయల చీర 'బై' 20 శాతం తగ్గితే 400, 'టు' 20 శాతమైతే 100. తెలుగులో ఆ తేడా అంతా ఒక్క 'కి'లో ఉంది: 20 శాతం తగ్గింది, 20 శాతానికి తగ్గింది. హడావుడిలో పత్రికలవాళ్లు జార్చుకునేది సరిగ్గా ఆ అక్షరాన్నే. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 6.5 నుంచి 6.25 శాతానికి తెచ్చింది. 'పావు శాతం తగ్గింపు' అని మనం అనేస్తాం. కానీ 6.5లో పావు శాతమంటే లెక్కకు రానంత చిన్న మొత్తం. ఈ గొడవ లేకుండా బ్యాంకులవాళ్లు 25 బేసిస్ పాయింట్లు అని ఊరుకుంటారు.